అంకె వెనుక తీగ

2012 ఏప్రిల్‌లో ఉబుంటు 12.04 విడుదలైంది. ఐదేళ్లు మద్దతు ఇస్తామన్న హామీతో వచ్చిన ఆ వెర్షన్‌లో ఉన్నది లైనక్స్ కెర్నల్ 3.2. ఆ కెర్నల్ అదే ఏడాది జనవరిలో బయటికి వచ్చింది. దాదాపు అదే సమయానికి అంగళ్లలోకి దిగిన కొన్ని కొత్త మదర్‌బోర్డుల మీద న్యూవోటాన్ కంపెనీ చేసిన ఎన్‌సీటీ6779డీ అనే చిప్ ఉండేది. అలాంటి బోర్డు కొని, దాని మీద ఉబుంటు వేసి, టెర్మినల్‌లో సెన్సర్స్ అనే ఆదేశం ఇస్తే ప్రాసెసర్ కోర్ల ఉష్ణోగ్రతలు వరసగా వచ్చేవి. ఫ్యాన్ ఎంత వేగంగా తిరుగుతోంది, 12 వోల్టుల లైనులో నిజంగా ఎంత వస్తోంది, బోర్డు ఎంత వేడెక్కింది అన్నవి మాత్రం కనబడేవి కావు. మెషీన్ రీస్టార్ట్ చేసి బయాస్‌లోకి వెళితే అవన్నీ అక్కడ ఉండేవి.

కొలిచే పరికరం బోర్డు మీద ఉంది. క్షణక్షణం కొలుస్తూనే ఉంది. కెర్నల్‌కు మాత్రం దానితో పరిచయం లేదు. ఆ చిప్‌ను అర్థం చేసుకునే డ్రైవర్ కెర్నల్ 3.10తో పాటు 2013 జూన్ 30న వచ్చింది. అంతకు ముందు తయారైన కెర్నల్ ఎంత నమ్మకంగా పనిచేసినా, తాను పుట్టాక వచ్చిన చిప్ సంగతి దానికి తెలిసే వీలు లేదు.

పరిచయం అనే ఈ మాటలో నిజానికి మూడు మెట్లున్నాయి. మొదటిది, చిప్ ఉందని కనిపెట్టడం. రెండోది, దానితో మాట్లాడటానికి అనుమతి దొరకడం. మూడోది, అది చెప్పిన మాటకు అర్థం తెలియడం. మొదటి రెండు మెట్లు ఎక్కితే తెర మీద అంకె కనబడుతుంది. మూడోది కూడా ఎక్కితేనే ఆ అంకె కొలత అవుతుంది. పాత కెర్నల్‌తో కుస్తీ పట్టేవాళ్లలో చాలామంది అంకె కనబడగానే పని అయిపోయిందనుకుంటారు. అసలు పని అక్కడే మొదలవుతుంది.

సెన్సర్ల మూడు నివాసాలు

కంప్యూటర్‌లో సెన్సర్లు ముఖ్యంగా మూడు చోట్ల ఉంటాయి. మొదటి చోటు ప్రాసెసర్ లోపల. ఇంటెల్ ప్రాసెసర్లలోని సెన్సర్‌ను కోర్‌టెంప్ అనే డ్రైవర్ చదువుతుంది. ఏఎండీ ప్రాసెసర్లకు కే10టెంప్ ఉంది. 3.2 కెర్నల్‌లో కోర్ల ఉష్ణోగ్రతలు కనబడటానికి కారణం ఇదే. ఆ దారికీ మదర్‌బోర్డు మీది చిప్‌కూ సంబంధం లేదు.

రెండో చోటు ఎస్‌ఎంబస్ అనే సన్నని దారి. ఫిలిప్స్ కంపెనీ 1982లో రూపొందించిన ఐ2సీ పద్ధతిని ఆధారం చేసుకుని ఇంటెల్ 1995లో దీన్ని నిర్వచించింది. రెండే రెండు తీగల మీద అనేక చిప్‌లు కలిసి ఉంటాయి. ఒక్కోదానికి ఒక్కో చిరునామా. నేషనల్ సెమీకండక్టర్ కంపెనీ చేసిన ఎల్‌ఎం75 అనే చిన్న ఉష్ణోగ్రత చిప్ ఈ దారి మీదే ఉండేది. అర డిగ్రీ తేడాను కూడా అది చెప్పగలదు. లైనక్స్‌లో ఈ పనంతా మొదలుపెట్టిన ప్రాజెక్టు పేరు ఎల్‌ఎం-సెన్సర్స్. ఆ ఎల్‌ఎం అక్షరాలు ఈ కంపెనీ చిప్‌ల పేర్ల నుంచి వచ్చినవే. 1998 ప్రాంతంలో ఫ్రోడో లూయార్డ్, ఫిలిప్ ఎడెల్‌బ్రాక్ వంటివాళ్లు దానికి పునాది వేశారు. తర్వాత జాన్ దెల్వార్ చాలాకాలం ఆ బాధ్యత మోశారు.

మూడో చోటు సూపర్ ఐఓ చిప్. సీరియల్ పోర్టు, పారలెల్ పోర్టు, కీబోర్డు, ఫ్లాపీ డ్రైవ్ లాంటి పాతకాలపు పనులన్నిటినీ ఒకే ముక్కలో పెట్టిన చిప్ ఇది. వోల్టేజి, ఫ్యాన్ వేగం, ఉష్ణోగ్రత కొలిచే భాగాన్ని కూడా క్రమంగా ఇందులోనే కలిపేశారు. విన్‌బాండ్, దాని నుంచి 2008లో విడివడిన న్యూవోటాన్, ఐటీఈ, ఫిన్‌టెక్ ఈ చిప్‌ల తయారీలో పేరున్న కంపెనీలు. మన ఎన్‌సీటీ6779డీ ఈ కోవలోదే. ఇబ్బందులన్నీ ఎక్కువగా ఇక్కడే.

తలుపు తట్టే పద్ధతి

పీసీఐ కార్డు గానీ యూఎస్‌బీ పరికరం గానీ తగిలిస్తే అది తానెవరో చెబుతుంది. తయారీదారు సంఖ్య, పరికరం సంఖ్య ఒక స్థిరమైన చోట ఉంటాయి. కెర్నల్ అందరినీ వరసగా అడిగి జాబితా రాసుకుంటుంది. సూపర్ ఐఓ చిప్‌కు ఆ అలవాటు లేదు. తనంతట తాను ఏమీ చెప్పదు.

దానితో మాట్లాడాలంటే ముందు రహస్య సంకేతం ఇవ్వాలి. హెక్సాడెసిమల్ లెక్కలో 2ఈ అనే పోర్టుకు 87 అనే విలువను వరసగా రెండుసార్లు పంపితే విన్‌బాండ్, న్యూవోటాన్ చిప్‌లు తమ కాన్ఫిగరేషన్ తలుపు తెరుస్తాయి. ఐటీఈ చిప్‌లు 87, 01, 55, 55 అనే నాలుగు విలువలను ఆ వరసలో అడుగుతాయి. తలుపు తెరుచుకున్నాక 20, 21 నంబర్ల రిజిస్టర్లలో చిప్ గుర్తింపు సంఖ్య ఉంటుంది. ఎన్‌సీటీ6776కు సీ33తో, ఎన్‌సీటీ6779డీకి సీ56తో ఆ సంఖ్య మొదలవుతుంది. చివరి కొన్ని బిట్లు చిప్ సవరణను సూచిస్తాయి. ఆ తర్వాత చిప్‌లో కొలతల విభాగాన్ని ఎంచుకుని, అది ఏ చిరునామాలో పలుకుతుందో చదువుకోవాలి. చాలా బోర్డుల్లో ఆ చిరునామా 290.

డ్రైవర్ అంటే ఈ జ్ఞానమంతా రాసి ఉన్న ప్రోగ్రామ్. దాని దగ్గర ఒక జాబితా ఉంటుంది. చదివిన సంఖ్య ఆ జాబితాలో లేకపోతే డ్రైవర్ తలుపు మూసి వెనక్కి వచ్చేస్తుంది. పెర్ల్ భాషలో రాసిన సెన్సర్స్-డిటెక్ట్ అనే స్క్రిప్టు కెర్నల్‌తో సంబంధం లేకుండా తన సొంత జాబితాతో ఇదే పని చేస్తుంది. అందుకే కెర్నల్ పాతదైనా స్క్రిప్టు కొత్తదైతే చిప్ పేరు చెప్పగలదు. పేరు తెలిసినా డ్రైవర్ లేని చిప్‌ల విషయంలో, డ్రైవర్ పేరు ఉండాల్సిన చోట ఇంకా రాయవలసి ఉందని అది నిజాయితీగా చూపించేది. మెషీన్ పాడైందా, తామేదైనా తప్పు చేశామా అని సతమతమయ్యేవాళ్లకు ఆ ఒక్క మాట ఎంత ఊరటో అనుభవించినవాళ్లకే తెలుసు.

తలుపు తట్టడం ఎప్పుడూ ప్రమాదం లేని పని కాదు. ఎల్‌ఎం-సెన్సర్స్ తొలి సంవత్సరాల్లో కొన్ని ఐబీఎం థింక్‌ప్యాడ్ ల్యాప్‌టాప్‌లు సెన్సర్స్-డిటెక్ట్ నడిపాక మళ్లీ బూట్ కాలేదు. వాటి ఎస్‌ఎంబస్ మీద 24ఆర్‌ఎఫ్08 అనే చిన్న ఈఈప్రామ్ చిప్ ఉండేది. మెషీన్ తాలూకు కీలక సమాచారం అందులో ఉండేది. ఈ చిరునామాలో ఎవరైనా ఉన్నారా అని స్క్రిప్టు పంపే అతి చిన్న పలకరింపును ఆ చిప్, తనలోని లోపం వల్ల, రాయమన్న ఆదేశంగా తీసుకునేది. లోపలి సమాచారం చెదిరిపోయేది. సరిచూసే సంఖ్య కుదరక మెషీన్ మొరాయించేది. చాలామందికి మదర్‌బోర్డు మార్చడం తప్ప దారి లేకపోయింది. ఆ తర్వాత స్క్రిప్టు వెతికే పద్ధతి మారింది. ఐబీఎం మెషీన్ అని తెలియగానే ఎక్కడానికి నిరాకరించే కాపలాను ఎస్‌ఎంబస్ డ్రైవర్లలో ఒకదానికి కెర్నల్ పెట్టింది. ఈ రోజు సెన్సర్స్-డిటెక్ట్ ప్రతి అడుగుకూ ముందు ప్రశ్న అడగడం, ప్రమాదం ఉన్నచోట వద్దు అన్నదాన్నే డిఫాల్ట్ జవాబుగా పెట్టడం వెనుక ఇలాంటి అనుభవాలున్నాయి. ఎంటర్ కొడుతూ పోయే ముందు ప్రతి ప్రశ్ననూ చదవాలి.

మాట్లాడే హక్కు ఎవరిది

చిప్ దొరికింది, డ్రైవర్ ఉంది. అయినా డ్రైవర్ ఎక్కదు. కెర్నల్ లాగ్‌లో 295, 296 పోర్టులు ఏసీపీఐ ప్రాంతంతో ఘర్షణ పడుతున్నాయన్న సందేశం వస్తుంది. 2009లో వచ్చిన కెర్నళ్ల నుంచి ఈ సందేశం ఎందరినో కంగారు పెట్టింది. నిన్నటిదాకా కనబడిన ఫ్యాన్ వేగం కెర్నల్ మార్చగానే మాయమైతే కెర్నల్ చెడిపోయిందనుకోవడం సహజం. నిజానికి కెర్నల్ అప్పుడే జాగ్రత్త నేర్చుకుంది.

ఆ జాగ్రత్త ఎందుకో తెలియాలంటే చిప్‌ను చదివే తీరు చూడాలి. చిప్‌లో వందల రిజిస్టర్లున్నా బయటికి ఉన్నవి రెండే పోర్టులు. 295కు రిజిస్టర్ నంబరు రాయాలి, 296లో దాని విలువ చదవాలి. అంటే ప్రతి చదువుకూ రెండు అడుగులు. ఇప్పుడు రికార్డు గదిలో ఒకే గుమస్తా ఉన్నాడనుకోండి. ఒక అధికారి 40వ నంబరు ఫైలు తీయమని చెప్పి తల తిప్పేలోగా ఇంకో అధికారి వచ్చి 60వ నంబరు అంటాడు. గుమస్తా 60వ ఫైలు తీస్తాడు. మొదటి అధికారి అదే 40వ ఫైలనుకుని అందులో సంతకం పెట్టేస్తాడు.

కంప్యూటర్‌లో ఆ రెండో అధికారి మదర్‌బోర్డు తయారీదారు రాసిన ఏసీపీఐ కోడ్. బయాస్‌తో పాటు వచ్చే ఈ కోడ్ కూడా అదే చిప్‌ను చదవవచ్చు, ఫ్యాన్‌ను నియంత్రించవచ్చు. డ్రైవర్ రాసిన నంబరుకూ చదివిన విలువకూ మధ్య అది దూరితే తప్పుడు అంకె వస్తుంది. చదివేటప్పుడైతే అంతటితో పోతుంది. రాసేటప్పుడైతే ఉష్ణోగ్రత పరిమితి కోసం రాసిన విలువ ఫ్యాన్ నియంత్రణ రిజిస్టర్‌లో పడవచ్చు.

దీనికి ఇంటర్నెట్ నిండా దొరికే మందు ఒకటుంది. బూట్ సమయంలో ఏసీపీఐ-ఎన్‌ఫోర్స్-రిసోర్సెస్ అనే పరామితికి లాక్స్ అని ఇవ్వడం. అప్పుడు కెర్నల్ హెచ్చరించి ఊరుకుంటుంది, అడ్డుపడదు. చాలా బోర్డుల్లో ఏ నష్టమూ జరగదు, ఎందుకంటే ఏసీపీఐ కోడ్ ఆ పోర్టులను తనవని ప్రకటించినా వాడకపోవచ్చు. మీ బోర్డు వాటిని వాడుతోందో లేదో మాత్రం బయటినుంచి చూసి చెప్పలేం. మరో దారి కూడా ఉంది. చిప్ దగ్గరికి నేరుగా వెళ్లకుండా తయారీదారు కోడ్‌నే విలువ అడగడం. ఆసుస్ బోర్డుల కోసం 2009లో కెర్నల్ 2.6.30లోకి వచ్చిన ఏటీకే0110 డ్రైవర్ చేసేది ఇదే. 2022లో వచ్చిన కెర్నళ్లలో న్యూవోటాన్ డ్రైవర్‌కు కూడా ఆసుస్ ఫర్మ్‌వేర్ ద్వారా చదివే వీలు కల్పించారు. బోర్డు అలాంటి తలుపు ఇస్తుంటే లాక్స్ కంటే అదే మంచిది.

పాత కెర్నల్‌కు కొత్త చదువు

అయితే కెర్నల్‌నే మార్చవచ్చు కదా? మార్చగలిగితే అదే సరైన జవాబు. కానీ బ్యాంకు సర్వర్, ప్రయోగశాలలో పరికరాన్ని నడిపే కంప్యూటర్, పాత డ్రైవర్ మీదే బతికే ప్రింటింగ్ మెషీన్ లాంటి చోట కెర్నల్ మార్చడం చిన్న సంగతి కాదు. సెంటోస్ 6 తన జీవితమంతా 2.6.32 పేరుతో, సెంటోస్ 7 తన జీవితమంతా 3.10 పేరుతో గడిపాయి. స్థిరత్వం కోసమే వాటిని ఎంచుకున్నవాళ్లను ఫ్యాన్ వేగం కోసం ఆ స్థిరత్వం వదులుకోమనలేం.

ఇంకో మార్గం, కొత్త డ్రైవర్‌ను పాత కెర్నల్ మీద కంపైల్ చేయడం. వినడానికి తేలికే. లైనక్స్ కెర్నల్ బయటి ప్రోగ్రాములకు ఇచ్చిన మాట తప్పదు గానీ, లోపలి భాగాలకు అలాంటి హామీ ఇవ్వదు. లోపలి ఫంక్షన్లు వెర్షన్ వెర్షన్‌కూ మారుతుంటాయి. సెన్సర్ డ్రైవర్లు తమను నమోదు చేసుకునే పద్ధతి కూడా మధ్యలో మారింది. కొత్త డ్రైవర్ పిలిచే ఫంక్షన్ పాత కెర్నల్‌లో ఉండదు, కంపైలర్ అక్కడే ఆగిపోతుంది. అందుకే ఎవరో ఒకరు కూర్చుని లేని ఫంక్షన్లకు ప్రత్యామ్నాయాలు రాయాలి. న్యూవోటాన్ డ్రైవర్ రాసిన గుంటర్ రోక్ కొంతకాలం పాత కెర్నళ్ల కోసం విడిగా అలాంటి ప్రతి నడిపారు. సెంటోస్ లాంటి రెడ్‌హ్యాట్ కుటుంబపు వ్యవస్థలకు ఎల్‌రెపో అనే ప్రాజెక్టు సిద్ధంగా కంపైల్ చేసిన మాడ్యూళ్లు అందిస్తోంది. కెర్నల్ భద్రతా సవరణ వచ్చిన ప్రతిసారీ మాడ్యూల్‌ను మళ్లీ కంపైల్ చేసే శ్రమ తప్పించేందుకు డెల్ కంపెనీలో పుట్టిన డీకేఎంఎస్ ఉంది.

అన్నిటికంటే సులువుగా కనబడేది, అన్నిటికంటే మోసం చేసేది ఇంకొకటి ఉంది. డ్రైవర్‌కు ఫోర్స్-ఐడీ అనే పరామితి ఇచ్చి, ఈ చిప్‌ను నీకు తెలిసిన ఫలానా పాత చిప్ అనుకో అని చెప్పడం. పరీక్షల కోసం పెట్టిన సౌకర్యమిది. రెండు చిప్‌లు నిజంగా ఒకే తీరువైతే ఇది పనిచేస్తుంది. కాకపోతే? ఐటీఈ వారి ఐటీ8720ఎఫ్ వోల్టేజిని 16 మిల్లీవోల్టుల మెట్లలో కొలుస్తుంది. ఐటీ8728ఎఫ్ 12 మిల్లీవోల్టుల మెట్లలో కొలుస్తుంది. రెండోదాన్ని మొదటిదిగా భ్రమింపజేస్తే 1.2 వోల్టులకు చిప్ చెప్పిన 100 అనే అంకెను డ్రైవర్ 16తో గుణించి 1.6 వోల్టులని చూపిస్తుంది. ప్రాసెసర్ కాలిపోతోందని యజమాని హడలిపోతాడు. ఎన్‌సీటీ6779డీని ఎన్‌సీటీ6776గా నమ్మిస్తే ఇంకా ఘోరం. వోల్టేజి రిజిస్టర్లు ఉండే చోటే వేరు. డ్రైవర్ ఎక్కడో సంబంధం లేని రిజిస్టర్ చదివి, దాన్నే వోల్టేజి అని గంభీరంగా ప్రకటిస్తుంది.

అర్థం ఉండేది బోర్డు తీగల్లో

సరైన డ్రైవర్ దొరికినా మూడో మెట్టు పూర్తి కాదు. ఎల్‌ఎం78 లాంటి చిప్ 8 బిట్ల అంకెతో, ఒక్కో మెట్టు 16 మిల్లీవోల్టుల చొప్పున, 4.08 వోల్టుల దాకా మాత్రమే కొలవగలదు. 12 వోల్టుల లైనును నేరుగా తగిలించలేం. అందుకే బోర్డు మీద రెండు రెసిస్టర్లు పెట్టి వోల్టేజిని తగ్గిస్తారు. అవి 28, 10 కిలో ఓమ్‌లవైతే చిప్ చేరేది 12ను 3.8తో భాగించిన విలువ, దాదాపు 3.16 వోల్టులు. చిప్ 197 అంటుంది. డ్రైవర్ 3.15 వోల్టులంటుంది. అది నిజమే, చిప్ కాలి దగ్గర అంతే ఉంది. దాన్ని 3.8తో గుణిస్తే 11.98 వస్తుందని చెప్పాల్సింది ఎవరు? ఆ రెసిస్టర్లు చిప్‌లో లేవు, కెర్నల్‌లో లేవు. బోర్డు డిజైన్ చేసిన ఇంజనీరు వాటిని ఎంచుకున్నాడు. ఇంకో బోర్డులో వేరే విలువలు ఉండవచ్చు. అందుకే ఎల్‌ఎం-సెన్సర్స్‌కు ఒక కాన్ఫిగరేషన్ ఫైలు ఉంటుంది. ఏ ఇన్‌పుట్ ఏ లైను, ఎంతతో గుణించాలి అన్నది అందులో మనమే రాయాలి.

ఫ్యాన్ల కథ కూడా ఇలాంటిదే. సాధారణ ఫ్యాన్ ఒక చుట్టుకు రెండు స్పందనలు పంపుతుంది. ఎల్‌ఎం78 తరం చిప్‌లు సెకనుకు 22,500 సార్లు కొట్టుకునే గడియారంతో ఆ వ్యవధిని లెక్కిస్తాయి. 13,50,000ను లెక్కతోనూ డివైజర్ అనే మరో సంఖ్యతోనూ భాగిస్తే నిమిషానికి ఎన్ని చుట్లో వస్తుంది. లెక్క 255 దాటదు. డివైజర్ 2గా ఉంటే నిమిషానికి సుమారు 2,650 చుట్ల కంటే మెల్లగా తిరిగే ఫ్యాన్ చిప్ దృష్టిలో ఆగిపోయినట్టే. 1,200 చుట్లు నిశ్శబ్దంగా తిరిగే మంచి ఫ్యాన్ తెర మీద సున్నా చూపిస్తుంది. డివైజర్‌ను 8 చేస్తే అదే ఫ్యాన్ బతికి కనబడుతుంది. తర్వాతి చిప్‌లు పెద్ద కౌంటర్లు పెట్టి ఈ ఇబ్బంది తీర్చాయి. పాత బోర్డు మీద పనిచేసేవాళ్లకు ఈ లెక్క ఇప్పటికీ అవసరమే.

ఉష్ణోగ్రతలోనూ అంతే. ఏ సెన్సర్‌కూ కలపకుండా వదిలేసిన ఇన్‌పుట్ 127 డిగ్రీలో, సున్నాకు దిగువన 55 డిగ్రీలో చూపించవచ్చు. ఇంటెల్ కోర్ ప్రాసెసర్లలోని సెన్సర్ అసలు ఉష్ణోగ్రతే చెప్పదు. గరిష్ఠ పరిమితికి ఇంకా ఎంత దూరంలో ఉన్నామో చెబుతుంది. పరిమితి 100 అయి సెన్సర్ 55 అంటే ఉష్ణోగ్రత 45. తొలి కోర్ 2 ప్రాసెసర్లలో ఆ పరిమితిని సాఫ్ట్‌వేర్ చదివే ఏర్పాటు లేక, మోడల్‌ను బట్టి 85 గానీ 100 గానీ అని డ్రైవర్ ఊహించుకోవలసి వచ్చింది. ఊహ తప్పితే ప్రతి అంకె 15 డిగ్రీలు పక్కకు జరుగుతుంది. 2017లో వచ్చిన ఏఎండీ రైజెన్ 1800ఎక్స్, 1700ఎక్స్ ప్రాసెసర్లు నిజమైన వేడి కంటే 20 డిగ్రీలు కలిపి నివేదిస్తాయి. ఫ్యాన్ నియంత్రణ అన్ని మోడళ్లలో ఒకే తీరుగా ఉండాలని కంపెనీ కావాలనే అలా చేసింది. ఆ సంగతి ఏఎండీ ప్రకటించింది కాబట్టే కే10టెంప్ డ్రైవర్ ఆ 20 డిగ్రీలను తీసేసి చూపించగలుగుతోంది.

కొలతను కొలవడం

కాబట్టి సెన్సర్ కనబడిన రోజున నాలుగు పరీక్షలు చేయాలి. మొదటిది, గాలితో చల్లబడే ఏ భాగమూ తన చుట్టూ ఉన్న గాలి కంటే చల్లగా ఉండదు. మే నెల మధ్యాహ్నం రామగుండంలో ఏసీ లేని గదిలో బోర్డు ఉష్ణోగ్రత 22 అని తెర చెబితే ఆ అంకెను నమ్మకూడదు. రెండోది, ప్రాసెసర్‌కు బరువైన పని ఇచ్చి ఏ అంకెలు పైకి కదులుతున్నాయో చూడాలి. కదలని అంకె దేనికీ కలిసి ఉండకపోవచ్చు. మూడోది, బయాస్ తెర మీద ఏ లైనుకు ఎంత ఉందో రాసుకుని పోల్చాలి. బోర్డు రెసిస్టర్ల విలువలు ఆ కోడ్‌కు తెలుసు. నాలుగోది, మల్టీమీటర్‌తో 12 వోల్టుల లైను కొలవాలి. ఏటీఎక్స్ ప్రమాణం అనుమతించేది 5 శాతం తేడా, అంటే 11.4 నుంచి 12.6 దాకా. మీటర్ 12.1 అంటూ తెర 9.8 అంటే తప్పు గుణకానిది, పవర్ సప్లైది కాదు. ఈ పోలిక చేయక మంచి పవర్ సప్లైలను మార్చేసినవాళ్లు ఎందరో.

కొలత అనేది సెన్సర్ ఒక్కటే ఇచ్చేది కాదన్నదే ఈ అధ్యాయం సారం. సిలికాన్ ముక్క ఒక అంకె ఇస్తుంది. ఏ రిజిస్టర్‌లో ఏముందో చిప్ కంపెనీ పత్రం చెబుతుంది. ఏ తీగ ఎక్కడికి వెళ్లిందో బోర్డు కంపెనీకి తెలుసు. ఈ మూడింటినీ ఒక మనిషి కలిపితేనే 11.98 అనే మాటకు విలువ వస్తుంది. చిప్ కంపెనీ తన పత్రాన్ని దాచుకున్న ప్రతిచోటా, బోర్డు కంపెనీ రెసిస్టర్ల విలువలు చెప్పని ప్రతిచోటా, డబ్బు పెట్టి కొన్న మనిషి తన సొంత యంత్రం ఆరోగ్యాన్ని ఊహించుకోవలసి వస్తోంది. ఆ పత్రాలు బహిరంగంగా ఉండాలని అడగడం కొన్నవాళ్ల న్యాయమైన కోరిక.

కంపెనీలు ఇవ్వని చోట ఆ ఖాళీని వాడకందారులే నింపుతూ వచ్చారు. ఎల్‌ఎం-సెన్సర్స్ సోర్స్‌తో పాటు బోర్డుల వారీగా కాన్ఫిగరేషన్ ఫైళ్ల సంకలనం ఒకటుంది. ఎవరో ఒక బోర్డు ముందు మీటర్ పట్టుకుని కూర్చుని, ఒక్కో ఇన్‌పుట్‌కు పేరు పెట్టి, గుణకం తేల్చి, ఇతరుల కోసం పంపిన ఫలితాలవి. మీ బోర్డు అందులో లేకపోతే, మీరు తేల్చిన విలువలను పంపండి. పాత కెర్నల్ మీద అదే బోర్డుతో పనిచేసే ఇంకొకరికి ఫోర్స్-ఐడీ ఇచ్చిన అబద్ధపు అంకె బదులు, పరీక్షించిన కొలత దొరుకుతుంది.